తలసరి ఆదాయం రెట్టింపైతే బతుకు కూడా రెట్టింపు బాగుపడినట్టేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది: "ఒక దేశం తలసరి ఆదాయం పదేళ్లలో రెట్టింపైందంటారు. అంటే అక్కడి జనం జీవన నాణ్యత కూడా ఆ మేరకు మెరుగైనట్టేనా? కాకపోతే మెరుగైందో లేదో ఏ అంకెలు చూసి తెలుసుకోవాలి?"

సూటి జవాబు: ఆ మేరకు మెరుగైనట్టు కాదు. బాగా పేద దేశంలో ఆదాయం పెరిగితే బతుకు కూడా చాలావరకు దాని వెంటే నడుస్తుంది. దేశం మధ్యస్థాయికి చేరాక ఆ ముడి వదులవుతుంది. అక్కణ్నుంచి రెండు విషయాలే ముఖ్యం: పెరిగిన డబ్బు ఎవరి చేతికి చేరింది, అందులో ప్రభుత్వం దేనికి ఎంత పెట్టింది. కాబట్టి తలసరి ఆదాయం పక్కన కనీసం నాలుగు అంకెలు పెట్టుకుని చూడండి: సరిగ్గా మధ్యలో ఉన్న కుటుంబం ఆదాయం, ఐదేళ్లలోపు పిల్లల మరణాల రేటు, పెద్దవాళ్లు బడిలో గడిపిన సగటు ఏళ్లు, వైద్యానికి జనం సొంత జేబులోంచి పెట్టే వాటా.

ముందు ఆ "రెట్టింపు" అన్న మాటనే కాస్త గీకి చూడాలి. వార్తల్లో వచ్చే వృద్ధి రేటు కొన్నిసార్లు ఆ ఏటి ధరల్లో లెక్కేసిందై ఉంటుంది. దాంట్లోంచి ధరల పెరుగుదల తీసేయాలి, జనాభా పెరుగుదల తీసేయాలి. ఆ ఏటి ధరల్లో వృద్ధి 11 శాతం, ధరల పెరుగుదల 6 శాతం, జనాభా పెరుగుదల 1 శాతం అనుకోండి. మనిషికి నికరంగా దక్కింది సుమారు 4 శాతమే. 70ని వృద్ధి రేటుతో భాగిస్తే రెట్టింపు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఉజ్జాయింపుగా వస్తుంది. 11 శాతమైతే ఆరున్నరేళ్లు, 4 శాతమైతే పదిహేడున్నరేళ్లు. ఎంత తేడానో చూడండి. ఇక రెండు దేశాలను పోల్చేటప్పుడు మారకపు రేటుతో డాలర్లలోకి మార్చిన అంకె పనికిరాదు. క్షవరం, ఇంటి అద్దె, బస్సు చార్జీ లాంటివి పేద దేశాల్లో చవక. ఆ చవకతనాన్ని లెక్కలోకి తెచ్చే కొనుగోలు శక్తి సమానత అంకెలే వాడాలి.

ఇంత జాగ్రత్త పడ్డా జీడీపీ (దేశంలో ఏడాదిలో జరిగిన మొత్తం ఉత్పత్తి విలువ) అప్పుడప్పుడు బురిడీ కొట్టిస్తుంది. 2014లో నైజీరియా తన లెక్కలకు ఆధార సంవత్సరాన్ని (పోలికకు ప్రమాణంగా తీసుకునే ఏడాదిని) 1990 నుంచి 2010కి మార్చింది. పాత లెక్కలో సరిగా కనిపించని టెలికాం, సినిమా లాంటి రంగాలు కొత్త లెక్కలోకి ఎక్కాయి. ఒక్కసారిగా ఆర్థిక వ్యవస్థ పరిమాణం 89 శాతం పెరిగి దక్షిణాఫ్రికాను దాటేసింది. ఆ పూట అక్కడ ఎవరి కంచంలోనూ ఒక్క ముద్ద ఎక్కువ పడలేదు. ఐర్లాండ్‌ది ఇంకో కథ. 2015లో దాని జీడీపీ ఒక్క ఏడాదిలోనే దాదాపు నాలుగో వంతు పెరిగింది. బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్లు, ఇతర మేధోసంపత్తి ఆస్తులను అక్కడి ఖాతాల్లోకి మార్చుకోవడం అందుకు ప్రధాన కారణం. చివరికి ఆ దేశ గణాంక సంస్థే ఇలాంటి వాటి ప్రభావం తీసేసి, 2017 నుంచి "సవరించిన స్థూల జాతీయ ఆదాయం" అని విడిగా ఇవ్వాల్సి వచ్చింది.

ఇది జీడీపీని తిట్టడానికి కాదు. అది కొలిచేది ఉత్పత్తిని. దాని పని అది చేస్తోంది. జాతీయ ఆదాయ లెక్కలకు పునాది వేసినవారిలో ముఖ్యుడైన సైమన్ కుజ్‌నెట్స్ 1934లో అమెరికా సెనేట్‌కి ఇచ్చిన నివేదికలోనే, ఈ అంకెను బట్టి దేశ సంక్షేమాన్ని అంచనా కట్టలేమని హెచ్చరించాడు. ఇంట్లో అమ్మ వండితే జీడీపీలోకి రాదు, అదే భోజనం హోటల్లో కొంటే వస్తుంది. అడవి కొట్టి కలప అమ్మితే వస్తుంది, పోయిన అడవి విలువ మాత్రం అందులోంచి తగ్గదు. జబ్బు చేసి ఆస్పత్రికి కట్టిన బిల్లు కూడా వృద్ధే.

సగటు చేసే మోసం. పదిమంది ఉన్న ఊరు ఒకటి అనుకోండి. తొమ్మిదిమందికి తలా 10, ఒకరికి 110 ఆదాయం. మొత్తం 200, సగటు 20. మరుసటేడు ఆ ఒక్కరి ఆదాయం 210 అయింది, మిగతావాళ్లది కదల్లేదు. సగటు 30కి చేరింది, అంటే 50 శాతం వృద్ధి! పదిమందిలో తొమ్మిదిమందికి ఒరిగింది సున్నా. అందరినీ ఆదాయం ప్రకారం వరసలో నిలబెట్టి మధ్యలో ఉన్నవాళ్లది చూస్తే, రెండేళ్లూ 10 దగ్గరే ఉంటుంది. దీన్నే మధ్యగతం అంటారు. సగటు, మధ్యగతం రెండూ ఒకే వేగంతో పెరుగుతుంటే వృద్ధి జనంలోకి దిగుతున్నట్టు. సగటు పరుగెత్తి మధ్యగతం నిలబడిపోతే సంపద పైనే ఆగిపోతున్నట్టు. కుటుంబ ఆదాయ సర్వేలు లేని చోట కుటుంబ వినియోగ వ్యయ సర్వేలు వాడుకోవచ్చు. ఒక చిన్న ఇబ్బంది: అలాంటి సర్వేలకు బాగా డబ్బున్న ఇళ్లు తలుపు తీయవు, కాబట్టి అసమానత అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది.

ఆదాయం పెరిగేకొద్దీ దాని ఫలితం ఎందుకు పలచబడుతుంది? జనాభా శాస్త్రవేత్త శామ్యూల్ ప్రెస్టన్ 1975లో దేశాల ఆదాయాన్ని, ఆయుర్దాయాన్ని ఒకే గ్రాఫ్ మీద గీసి చూపించాడు. మొదట్లో గీత నిటారుగా లేస్తుంది, తర్వాత దాదాపు చదునైపోతుంది. మొదటి డబ్బు తిండికి, శుభ్రమైన నీటికి, టీకాలకు పోతుంది. అవి ప్రాణాలు నిలబెడతాయి. తర్వాతి డబ్బు సౌకర్యానికి పోతుంది. ఇంకో సంగతి కూడా ఆయన పట్టుకున్నాడు. కాలం గడిచేకొద్దీ ఆ గీత మొత్తంగా పైకి జరుగుతోంది. అంటే అదే ఆదాయంతో ముందు తరం కన్నా ఎక్కువ కాలం బతుకుతున్నారు. టీకాలు, యాంటీబయాటిక్‌లు, ఓఆర్ఎస్, చేతులు కడుక్కోవాలన్న ఎరుక వంటివన్నీ దేశం ధనికమయ్యేదాకా ఆగక్కర్లేదు.

ఇప్పుడు ఆయుర్దాయం, చదువు, ఆదాయం మూడింటినీ కలిపి సున్నాకీ ఒకటికీ మధ్య ఒకే అంకెగా చెప్పే మానవాభివృద్ధి సూచిక సంగతి. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో, అమర్త్య సేన్ ఆలోచనల తోడ్పాటుతో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో దీన్ని మొదలుపెట్టింది. చాలామంది ర్యాంకు చూసి వదిలేస్తారు. ఒక్కసారి చేత్తో లెక్కేస్తే అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిసిపోతుంది.

ఊహకు ఒక దేశం తీసుకుందాం: ఆయుర్దాయం 72 ఏళ్లు, ఇప్పుడు బడిలో చేరే పిల్ల చదువుతుందని ఆశించే కాలం 13 ఏళ్లు, 25 ఏళ్లు దాటినవాళ్లు చదివిన సగటు 7 ఏళ్లు, తలసరి ఆదాయం కొనుగోలు శక్తి లెక్కన 9,000 డాలర్లు. ఆయుర్దాయానికి కనిష్ఠం 20, గరిష్ఠం 85. కాబట్టి (72 – 20)ని 65తో భాగిస్తే 0.800. చదువుకి కనిష్ఠం సున్నా, గరిష్ఠాలు 18, 15 ఏళ్లు; 13ని 18తో, 7ని 15తో భాగించి సగటు తీస్తే 0.594. ఆదాయానికి కనిష్ఠం 100, గరిష్ఠం 75,000 డాలర్లు, అదీ సంవర్గమానంలో (లాగరిథమ్‌లో). 9,000 కనిష్ఠానికి 90 రెట్లు, 75,000 దానికి 750 రెట్లు; 90 సంవర్గమానాన్ని 750 సంవర్గమానంతో భాగిస్తే 0.680. మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తే 0.686. ఇదీ ఆ దేశం సూచిక.

ఇక మీ ప్రశ్నలోని రెట్టింపు. ఆదాయం 9,000 నుంచి 18,000 అయింది, మిగతావి అలాగే ఉన్నాయి అనుకుంటే సూచిక 0.720 అవుతుంది. అలా కాకుండా ఆదాయం కదలకుండా పెద్దవాళ్ల సగటు చదువు 7 నుంచి 10 ఏళ్లకు పెరిగితే 0.723 వస్తుంది. అంటే ఈ కొలమానంలో మూడేళ్ల చదువు, ఆదాయం రెట్టింపు కావడం కన్నా ఒక వెంట్రుకవాసి ఎక్కువే. అయితే ఇక్కడే ఒక చిక్కుంది. ఆదాయం ఏటా 7 శాతం చొప్పున పెరిగితే పదేళ్లలో రెట్టింపవుతుంది. పాతికేళ్లు దాటినవాళ్ల చదువు మాత్రం పదేళ్లలో మూడేళ్లు పెరగడం చాలా కష్టం. ఈ రోజు ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఆ లెక్కలోకి రావడానికే ఇరవై ఏళ్ల దాకా పడుతుంది. విద్య మీద పెట్టిన డబ్బు ఫలితం ఐదేళ్ల పదవీకాలంలో కనిపించదు, రోడ్డు కనిపిస్తుంది. ప్రభుత్వాలు దేనివైపు మొగ్గుతాయో చెప్పనక్కర్లేదు.

సూచికలో లోటు కూడా చూడండి. బడిలో ఎన్నేళ్లు కూర్చున్నారో అది లెక్కేస్తుంది, ఏం వచ్చిందో లెక్కేయదు. అందుకే ప్రపంచ బ్యాంకు, పదేళ్ల వయసుకి చిన్న పాఠం చదివి అర్థం చేసుకోలేని పిల్లల శాతాన్ని విడిగా చూస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

ఆయుర్దాయం దగ్గర కూడా చాలామంది పొరబడతారు. అది 64 అంటే అక్కడి పెద్దవాళ్లంతా 64కే పోతారని కాదు. వెయ్యిమంది పుడితే 80 మంది ఏడాది వయసుకే చనిపోయి, మిగతా 920 మంది 70 ఏళ్లు బతికారనుకోండి. సగటు 64.5. పసివాళ్ల మరణాలు 20కి తగ్గితే అదే సగటు 68.6 అవుతుంది. పెద్దవాళ్లలో ఏ ఒక్కరూ ఒక్క రోజు కూడా ఎక్కువ బతకలేదు, అయినా నాలుగేళ్లు పెరిగింది. పేద దేశాల్లో ఆయుర్దాయం గబగబా పెరగడానికి చాలావరకు కారణం ఇదే. ప్రపంచం మొత్తం మీద ఐదేళ్లలోపు మరణాలు 1990లో పుట్టిన ప్రతి వెయ్యిమందికి 90కి పైగా ఉండేవి, 2023కి 37కి దిగాయి.

డబ్బు బతుకుగా మారేది ఏ దారిలో? ఆర్థికవేత్తలు సుధీర్ ఆనంద్, మార్టిన్ రవాలియన్ 1993లో పేద దేశాల అంకెలు పరిశీలించి ఒక మాట తేల్చారు. సగటు ఆదాయం పెరగడానికీ ఆయుర్దాయం పెరగడానికీ ఉన్న సంబంధం చాలావరకు రెండు దారుల్లోనే నడుస్తోంది: పేదల ఆదాయం పెరగడం, ప్రజారోగ్యం మీద ప్రభుత్వ ఖర్చు పెరగడం. ఈ రెండూ పక్కన పెడితే వృద్ధికి విడిగా పెద్ద ప్రభావం మిగల్లేదు. మీ ప్రశ్నకి అసలు సమాధానం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కోస్టారికా చూడండి. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న మధ్య అమెరికా దేశం. తలసరి ఆదాయం కొనుగోలు శక్తి లెక్కన అమెరికాలో దాదాపు మూడో వంతు. ఆయుర్దాయం మాత్రం అమెరికాకు ఏమాత్రం తీసిపోదు, 80 ఏళ్ల దరిదాపుల్లో ఉంటుంది. 1941లో పెట్టిన సామాజిక బీమా సంస్థ ఒక కారణం. 1990ల మధ్య నుంచి ఊరూరా పెట్టిన ప్రాథమిక వైద్య జట్లు ఇంకో కారణం. నాలుగైదు వేల మంది జనాభాకు ఒక జట్టు: ఒక డాక్టరు, ఒక నర్సు, రికార్డులు చూసే గుమస్తా, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త. ఆ చివరి మనిషి చాలా ముఖ్యం. ఏ ఇంట్లో పసిబిడ్డకి టీకా పడలేదో, ఏ ముసలాయన బీపీ మాత్రలు మానేశాడో జబ్బు ముదరకముందే తెలిసేది ఆ కార్యకర్త వల్లే.

దీనికి ఎదురుగా ఈక్వటోరియల్ గినియా. 1990ల మధ్యలో చమురు పడింది, తలసరి ఆదాయం ఆఫ్రికాలోనే పై వరసకు ఎగబాకింది. ఆయుర్దాయం మాత్రం అరవై పైచిలుకు దగ్గరే ఉంది. దాని ఆదాయం ర్యాంకుకూ మానవాభివృద్ధి ర్యాంకుకూ మధ్య అగాధం ఉంటుంది. సముద్రంలో బావి తవ్వి తీసే చమురుకి స్థానికుల చేతులు పెద్దగా అవసరం లేదు, కాబట్టి జీతాల రూపంలో జనానికి చేరదు. పాలకుల జేబు దాటి బడికీ ఆస్పత్రికీ కూడా చేరకపోతే ఇక రెండు దారులూ మూసుకున్నట్టే.

డబ్బున్న దేశాలు కూడా తప్పించుకోలేవు. అమెరికా జీడీపీలో దాదాపు 17 శాతం వైద్యానికే పోతుంది. అయినా 2014లో 78.9 ఏళ్లున్న ఆయుర్దాయం 2017కి 78.6కి జారింది, ఆ ఏళ్లలో ఆర్థిక వ్యవస్థ పెరుగుతూనే ఉంది. మత్తు మందుల మోతాదు మించడం, ఆత్మహత్యలు అందులో ముఖ్య కారణాలు. దక్షిణ కొరియాది ఇంకో తీరు. ఒకటిన్నర తరంలో పేదరికం నుంచి సంపన్న దేశంగా ఎదిగింది, ఆయుర్దాయం 83 దాటింది. అదే సమయంలో ఆత్మహత్యల రేటులో సంపన్న దేశాలన్నిటిలోనూ పై స్థానంలో ఉంటోంది, ముసలివాళ్లలో పదిమందికి దాదాపు నలుగురు సాపేక్ష పేదరికంలో (దేశ మధ్యగత ఆదాయంలో సగం కూడా రాని స్థితిలో) ఉన్నారు. 2023లో సంతాన రేటు (ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు) 0.72. ఇవేవీ మానవాభివృద్ధి సూచికలో కనపడవు.

వైద్యానికి సొంత జేబు ఖర్చు ఎందుకు చూడమన్నానంటే, మధ్యతరగతికి చేరిన ఇల్లు మళ్లీ కిందికి జారే మెట్టు సాధారణంగా అదే. ఇంటి మొత్తం ఖర్చులో వైద్యం 10 శాతం దాటితే ఆ ఇల్లు చితికిపోయే ప్రమాదంలో ఉన్నట్టు అంతర్జాతీయంగా చాలాకాలం లెక్కేశారు. అయితే ఇందులో ఒక మెలిక: డబ్బు లేక వైద్యమే మానేసిన ఇంట్లో ఆ ఖర్చు సున్నా కనిపిస్తుంది. అందుకే "జబ్బు చేసినా వైద్యం చేయించుకోనివాళ్లు ఎంతమంది" అన్న అంకెతో కలిపి చదవాలి.

పేదరికం కొలతలో 2010 నుంచి వాడుతున్న బహుముఖ పేదరిక సూచిక బాగా పనికొస్తుంది, కానీ దాన్ని సరిగా చదవాలి. మొత్తం 10 అంశాలు. పోషణ, పిల్లల మరణం, చదివిన ఏళ్లు, బడికి వెళ్లడం — ఈ నాలుగింటికి తలా ఆరో వంతు బరువు. వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, వస్తువులు — ఈ ఆరింటికి తలా పద్దెనిమిదో వంతు. లోటున్న అంశాల బరువులన్నీ కలిపి మూడో వంతుకు చేరితే ఆ ఇల్లు పేద ఇల్లు. నీళ్లు శుభ్రమైనవే అయినా వెళ్లి తెచ్చుకోవడానికి 30 నిమిషాలు పడితే లోటు కిందే లెక్క. ఇది నాకు చాలా నచ్చిన నిబంధన, ఎందుకంటే ఆ అరగంట సాధారణంగా ఆడవాళ్లదీ ఆడపిల్లలదీ. కింది ఆరూ లేని ఇల్లు సరిగ్గా మూడో వంతు దగ్గర ఉంటుంది. దానికి కరెంటు కనెక్షన్ ఒక్కటి ఇస్తే చాలు, పేదల జాబితాలోంచి బయటికి వచ్చేస్తుంది. మిగతా ఐదు లోట్లూ ఉన్నచోటే ఉంటాయి. కాబట్టి పేదల శాతం గభాల్న తగ్గిందంటే ఏ అంశం వల్ల తగ్గిందో విడగొట్టి చూడండి. పోషణ వల్ల తగ్గితే గట్టి మార్పు, కనెక్షన్ల వల్ల అయితే ఆ కరెంటు రోజుకి ఎన్ని గంటలు ఉంటోందో అడగాలి.

మరి సంతోషం? "బతుకుని సున్నా నుంచి పది మెట్ల నిచ్చెన అనుకుంటే మీరు ఏ మెట్టు మీద ఉన్నారు" అని అడిగే పద్ధతి ఎక్కువ వాడుకలో ఉంది. ఆర్థికవేత్త రిచర్డ్ ఈస్టర్లిన్ 1974లో ఒక విచిత్రం చూపించాడు: ఒకే దేశంలో డబ్బున్నవాళ్లు లేనివాళ్ల కన్నా సంతోషంగా ఉన్నామంటారు, కానీ దేశమంతా ధనికమైనప్పుడు సగటు సంతోషం ఆ మేరకు పెరగదు. దీనిమీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఏడాదికి 75,000 డాలర్ల దగ్గర రోజువారీ సంతోషం ఆగిపోతుందని మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త అంగస్ డీటన్ 2010లో చెప్పింది ఇప్పటికీ చాలామంది వల్లిస్తుంటారు. 2023లో కానెమనే, తనతో విభేదించిన పరిశోధకుడు మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్‌తో కలిసి కూర్చుని దాన్ని సవరించాడు: అలా ఆగిపోయేది అందరికన్నా తక్కువ సంతోషంగా ఉన్న కొద్దిమందికే, మిగతావాళ్లకి పెరుగుతూనే ఉంటుంది. ఆ పెరుగుదల కూడా సంవర్గమానం లెక్కే. పైకి వెళ్లేకొద్దీ అంతే సంతోషం పెరగడానికి ఇంకా ఎక్కువ డబ్బు కావాలి.

నన్నడిగితే సంతోషం సర్వేలను ఒక దేశంలో కాలం వెంబడి చూడండి, దేశాల మధ్య పోలికకు మరీ నమ్ముకోకండి. జనం ఉన్నదానికి అలవాటు పడిపోతారు. అమర్త్య సేన్ ఇచ్చిన ఉదాహరణ: ఎక్కువకాలం బతికే కేరళ జనం, ఆయుర్దాయం తక్కువగా ఉన్న బిహార్ జనం కన్నా ఎక్కువ జబ్బులున్నాయని చెబుతారు. కేరళలో జబ్బు ఎక్కువని కాదు. చదువూ డాక్టరూ దగ్గరున్నవాళ్లు ఒంట్లో ఏది తేడానో గుర్తుపడతారు.

కాబట్టి లెక్క చూసే వరస ఇలా పెట్టుకోండి. మొదట నికర తలసరి వృద్ధి, పదేళ్లది; ఒక్క ఏడాదిది కాదు. దాని పక్కన మధ్యగతం. ఆ తర్వాత మరణాలు, చదువు, జేబు ఖర్చు. వాటిని ఆడామగా, ఊరూపట్నం, ప్రాంతాల వారీగా విడగొట్టండి. ర్యాంకులు వదిలేసి విలువలు చూడండి. పక్క దేశం జారితే మన ర్యాంకు పెరుగుతుంది, మనం ఏమీ చేయకపోయినా. ఐదేళ్ల కిందటి నివేదికలోని అంకెను ఈ ఏటి నివేదికలోని అంకెతో పోల్చడం కూడా తప్పే. పాత ఏళ్ల వివరాలను ఏటా సవరిస్తారు, అందుకే తాజా నివేదికలో వెనకటి ఏళ్లకి ఇచ్చిన వరసనే వాడాలి.

ఇంత తీరిక లేదు, ఒక్కటే చూస్తానంటారా? ఐదేళ్లలోపు పిల్లల మరణాల రేటు చూడండి, అదీ అందరికన్నా వెనకబడిన ప్రాంతానిది. తిండి, నీళ్లు, తల్లి చదువు, దగ్గర్లో నర్సు, వానాకాలంలో ఆస్పత్రికి దారి — వీటిలో ఏది తప్పినా ఆ అంకె కదులుతుంది.